చేతిరాత నాది, సంతకం నాన్నది

సెప్టెంబరు 2, మంగళవారం

మూడో పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూమ్‌కి వస్తుంటే మెట్ల దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. మా విద్యార్థిని కాదు. నల్లని పిల్ల. నొక్కుల జుట్టుని గట్టిగా వెనక్కి లాగి కట్టుకుంది. నన్ను చూడగానే "అత్తా" అంది.

నన్ను ఆ పిలుపు పిలిచేవాళ్ళు ఎవరూ లేరనుకుంటూ బతికాను ఇన్నాళ్ళూ. ఉన్నారని తెలుసు. అనుకోవడం వేరు.

అన్నయ్య నుదురు. మాట్లాడే ముందు అన్నయ్యలాగే కింది పెదవి కొరుక్కుంటుంది. మిగతాదంతా వాళ్ళమ్మ.

"ఫొటోలో కంటే చిక్కిపోయారు" అంది. ఏ ఫొటో అని నేను అడగలేదు. "నాన్నకి బాలేదత్తా. లివర్. డాక్టర్లు ఇంక కొత్త మందులేం రాయట్లేదు. రెండు వారాలు, మహా అయితే మూడు అంటున్నారు. తాతయ్యని ఒక్కసారి చూడాలంటున్నాడు. ఇంకేమీ అడగట్లేదు, అదొక్కటే."

అన్నయ్య ఇరవై రెండేళ్ళుగా ఇదే ఊళ్ళో ఉన్నాడు. నదికి అవతల. లిఫ్టులు బాగుచేసే పని. మా కాలేజీ లిఫ్టు ఆగిపోయిన ప్రతిసారీ నేను వెనక మెట్ల మీంచి వెళ్ళిపోయేదాన్ని, ఎవరొచ్చారో చూడకుండా.

ఆ పిల్ల నా ముఖంలోకి చూస్తూ చూస్తూ "ఒక్క నిమిషం" అని నా కళ్ళజోడు తీసేసింది. ఫ్రేమ్‌ని వేళ్ళతో అటోసారి ఇటోసారి వంచి మళ్ళీ పెట్టింది. "ఎడమ వైపు జారిపోయింది. ఎన్నాళ్ళనుంచి వంకరగా చూస్తున్నారో ఏమో!" కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పనిట. ఇంట్లో దీన్ని పిచ్చుక అంటారట.

"తాతయ్యకి చెప్తాను. ఈ రోజే" అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న తల పట్టుకుని కూర్చుని ఉన్నారు. బీపీ చూస్తే నూట అరవై. ఇలాంటప్పుడు చెప్పకూడదు. రేపు చెప్తాను.


సెప్టెంబరు 3, బుధవారం

పొద్దున ఆరింటికి ఎప్పటిలాగే చదివాను. నాన్నకి చూపు పోయి నాలుగేళ్ళయింది, ఎనభై ఒకటో ఏడు. అయినా పద్ధతి మారలేదు. ఏడాదికోసారి పరిశుద్ధ గ్రంథమంతా మొదటినుంచి చివరిదాకా, రోజుకి ఇన్ని అధ్యాయాలని చీటీ మీద లెక్క. లెక్కల మాస్టారు కదా. ఇప్పుడు నేను చదువుతాను, ఆయన వింటారు.

చదవడం అయ్యాక చెబుదామనుకున్నాను. "పాలు పొంగుతున్నాయేమో చూడమ్మా" అన్నారు. పొంగలేదు. తిరిగొచ్చేసరికి రేడియో పెట్టుకున్నారు.

రేడియో కట్టెయ్యమని అనొచ్చు. అనలేదని ఇక్కడ రాసుకుంటున్నాను.


సెప్టెంబరు 5, శుక్రవారం

చెప్పలేదు. జవాబు పత్రాలు నూట పన్నెండు దిద్దాల్సినవి ఉన్నాయి.


సెప్టెంబరు 6, శనివారం

వెళ్ళాను. వెళ్ళననుకున్నాను, కానీ వంతెన దాటే బస్సు ఎదురుగా వచ్చి ఆగింది.

ఆస్పత్రి నాలుగో అంతస్తు. ఆరు మంచాల గది. కిటికీ పక్క మంచం మీద దుప్పటి కింద ఎవరూ లేనట్టే ఉంది, తల మాత్రం ఉంది. పసుపు పచ్చగా ఉన్నాడు. గడ్డం నెరిసిపోయింది. అన్నయ్యకి గడ్డం నెరవడం నాకు తెలియకుండా జరిగిందే అనిపించింది.

"ఏమ్మా పండితురాలా" అన్నాడు. ఎంఏలో ఫస్టు ర్యాంకు వచ్చినప్పటినుంచి అదే పేరు నాకు. "నాలుగంతస్తులూ నడిచొచ్చావా? లిఫ్టు మంచిదే. కిందటేడు నేనే తాడు మార్చాను."

"నడిచే వచ్చాను."

"నా మీద నీకెప్పుడూ నమ్మకం లేదు" అని నవ్వాడు. నవ్వితే పక్కటెముకలు పట్టుకున్నట్టున్నాయి, ఆగిపోయాడు.

వదిన అప్పుడే లోపలికొచ్చింది. ఇదే ఆస్పత్రిలో పక్క వార్డు నర్సు. డ్యూటీ అయ్యాక ఇక్కడికొచ్చి కూర్చుంటుందట. నల్లజాతి మనిషి, పొడుగు. నేను లేచి నిలబడ్డాను, ఎందుకో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ తెలుగు మొత్తం అన్నయ్య దగ్గర నేర్చుకున్నదే, అన్నయ్య కోపాలూ విసుర్లూ సహా. నన్ను ఎగాదిగా చూసి, "ఏడ్చినట్టుంది నీ మొహం. కూర్చో. కాఫీ తెస్తా" అంది. అన్నయ్య కళ్ళు మూసుకుని నవ్వుకున్నాడు.

ఆవిడ అటు వెళ్ళాక అడిగాడు. "నాన్నతో చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"చూద్దాం అన్నారు."

ఎందుకలా అన్నానో తెలియదు. చెప్పలేదంటే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. చెప్పానంటే ఇంకేం అడగడనుకున్నాను. అన్నయ్య కాసేపు కిటికీలోకి చూశాడు. "చూద్దాం అన్నారా? కుదరదు అనలేదు కదా! అదే చాలా ఎక్కువ" అన్నాడు. "నాన్న చూద్దాం అన్నారంటే సగం ఒప్పుకున్నట్టే. సైకిల్ కొనమన్నప్పుడూ అదే అన్నారు."

సైకిల్ కొన్నారు.

నాన్నకి చూపు పోయిందని చెప్పాను. "అయితే నా గొంతు సరిగ్గా ఉంచుకోవాలి" అన్నాడు.

ఇప్పుడింక తప్పదు. ఈ రాత్రి చెప్తే నిద్ర పట్టదు ఆయనకి. రేపు ఆదివారం, ప్రార్థన మందిరం నుంచి వచ్చాక చెప్తాను.


సెప్టెంబరు 8, సోమవారం

చెప్పలేదు.


సెప్టెంబరు 9, మంగళవారం

ఈ టర్మ్‌లో నేను చెప్పే పేపరు: సాహిత్యంలోనూ ధర్మగ్రంథాల్లోనూ బాధ. పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నాను. విశ్వాసం మీద నాలుగు పాఠాలు, కుటుంబం మీద నాలుగు, జాతి మీద నాలుగు. నోట్సు పసుపుపచ్చబడింది కానీ మార్చే అవసరం రాలేదు. జాతి వివక్ష గురించి నేను చెబుతుంటే కొందరు పిల్లలు కళ్ళు తుడుచుకుంటారు. ఉత్తమ ఉపన్యాసకురాలని ఒక షీల్డు కూడా ఉంది, అల్మరా పైన.

ఈ రోజు ముందు వరస అమ్మాయి లేచింది. ప్రశ్న అడగందే నిద్ర పట్టని రకం.

"మేడమ్, బాధపడ్డవాళ్ళకి చివర్లో జ్ఞానం వస్తుందని రాస్తారు కదా ప్రతి పుస్తకంలోనూ. మరి బాధపెట్టినవాళ్ళకి ఏమొస్తుంది?"

"అది సిలబస్‌లో లేదు" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.


సెప్టెంబరు 11, గురువారం

మళ్ళీ వెళ్ళాను. కళ్ళు తెరిచి ఉంచడం కష్టంగా ఉంది అన్నయ్యకి. నా అడుగుల చప్పుడు విని తల ఎత్తి నా వెనక్కి చూశాడు, తలుపు వైపు. ఎవరూ లేరు. తల దించేశాడు.

"నాన్నకి కాస్త జ్వరం" అన్నాను. "తగ్గగానే తీసుకొస్తా."

"జ్వరంలో తిప్పకు" అన్నాడు. "నేనెక్కడికీ పోను."

అబద్ధం ఒకటి ఆడాక రెండోది నోట్లో దానంతటదే తయారుగా ఉంటుంది. నాన్నకి జ్వరం లేదు. మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు.

తనే ఉత్తరం మాట తీస్తాడేమోనని భయపడుతూ కూర్చున్నాను. తియ్యలేదు. ఆ ఉత్తరం నాన్న రాయించింది. పాత సంగతి. నాన్న మనసు కష్టపెట్టడం దేనికని ఇంట్లో ఎత్తం. అంతే.


సెప్టెంబరు 13, శనివారం

పొద్దున చదవడం అయ్యాక నాన్న అన్నారు, "ఒక అధ్యాయం వదిలేశావు."

"లేదు నాన్నా. మీరు కునుకు తీశారు."

"నేను నిద్రపోలేదు."

"మధ్యలో కాసేపు పోయారు."

ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. నాలుగేళ్ళనుంచి నేను ఆ అధ్యాయం చదవడం లేదు. ఈ నాలుగేళ్ళలో మొదటిసారి అడిగారు.

ఇది నా ఒక్కదాని కోసం రాసుకునే పుస్తకం. ఇందులో కూడా మొన్న గురువారం నాడు నేను "నాన్న రాయించింది" అని రాశాను. వెనక్కి తిప్పి చదివాను. అక్షరాలు గుండ్రంగా, పద్ధతిగా ఉన్నాయి.

సరే, రాస్తాను.

మా ఇంట్లో ఉత్తరాలు నాన్న చెప్పేవారు, నేను రాసేదాన్ని. పన్నెండో ఏటినుంచీ అంతే. నా రాత ముత్యాల్లా ఉంటుందని. చేతిరాత నాది, సంతకం నాన్నది. భాష కాస్త సరిచేసే స్వేచ్ఛ నాకుండేది, "నువ్వు చదువుకున్నదానివి" అనేవారు.

అన్నయ్య పెళ్ళి చేసుకున్నాడని, వదినకి ఆరో నెలని ఉత్తరమొచ్చింది. ఫొటో పెట్టాడు. పార్కులో బెంచీ మీద ఇద్దరూ, ఆవిడ పెద్దగా నవ్వుతోంది. నాన్న ఫొటో చూసి బల్ల మీద పెట్టేశారు. నేను తీసుకుని, "పళ్ళు తప్ప ఇంకేం కనిపించడం లేదు నాన్నా" అన్నాను. జోకు అనుకున్నాను. నా ముఖానికి నేనే పొద్దునా సాయంత్రం పౌడరు వత్తుకునేదాన్ని ఆ రోజుల్లో. నాన్న నవ్వలేదు. తిట్టనూ లేదు.

మర్నాడు ఉత్తరం రాయించారు. ఆయన చెప్పింది మూడు ముక్కలు. కొన్నాళ్ళు రావద్దు. నాకు ఇది మింగుడు పడటానికి టైము కావాలి. ఆరోగ్యం జాగ్రత్త.

నాకది పేలవంగా అనిపించింది. ప్రార్థన మందిరంలో నిలబడి వాక్యం చెబితే జనం ఊపిరి బిగబట్టి వినే మనిషి రాసే ఉత్తరమా ఇది? దీనికి ఆధారం ఉండాలి. నాకు ఇరవై రెండేళ్ళు, గ్రంథంలో ఏది ఎక్కడుందో వేళ్ళ మీద ఉండేది. చెర నుంచి తిరిగొచ్చిన జనం పరాయి జాతి భార్యల్నీ, వాళ్ళకి పుట్టిన బిడ్డల్నీ పంపించేసిన అధ్యాయం ఉంది. అది ఎత్తి రాశాను. బిడ్డల ముక్క కూడా రాశాను. దాని కింద, ఆ పని చేసిన రోజున రావచ్చు, అప్పటిదాకా ఈ గుమ్మం నీది కాదు, అని నా సొంతంగా ముగింపు.

అదే గ్రంథంలో పరాయి జాతి కోడలు అత్తని వదలకుండా వెంట నడిచొచ్చిన కథ ఉంది. నాలుగే పేజీలు. అది కూడా నాకు అప్పుడు తెలుసు.

నాన్న సంతకం పెట్టారు. చదవకుండానే పెట్టారు, ఎప్పుడూ అంతే. మర్నాడు పోస్టు చేసి వచ్చారు.

ఇప్పుడు ఆయన్ని అక్కడికి తీసుకెళ్తే అన్నయ్య ఆ మాట ఎత్తుతాడు, లేదా నాన్న ఎత్తుతారు. "నేను కొన్నాళ్ళే కదరా అన్నది!" అంటారు. అన్నయ్య నా వైపు చూస్తాడు.

అందుకే చెప్పడం లేదు. బీపీ వల్ల కాదు.

ఇంత స్పష్టంగా తెలిశాక ఇంక ఎవరైనా చెప్పేస్తారు. రేపు చెప్తాను.


సెప్టెంబరు 14, ఆదివారం

మందిరం నుంచి వస్తూ రిక్షాలో నాన్న చెయ్యి పట్టుకున్నాను. "ఏమిటమ్మా?" అన్నారు. "గతుకులు" అన్నాను.


సెప్టెంబరు 15, సోమవారం

పిచ్చుక ఫోన్ చేసింది. "అత్తా, జ్వరం తగ్గిందా తాతయ్యకి? నాన్న ఇవాళ గడ్డం గీయించుకున్నాడు. వార్డు బాయ్‌కి చేతకాక రెండు చోట్ల తెగింది, అమ్మ వాణ్ని తిట్టిన తిట్లు మీరు వినాలి! తాతయ్యకి కనపడదు కదా నాన్నా అంటే, తడిమి చూస్తారేమో, గుచ్చుకుంటే బాగుండదు అంటున్నాడు."

రేపు తీసుకొస్తానన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."


సెప్టెంబరు 16, మంగళవారం

ఆటో మాట్లాడాను, ఐదింటికి రమ్మని. నాలుగున్నరకి నాన్న గదిలోకి వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు తడుముకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నారు. ఆ ముఖం చూశాను. ఐదింటికి బయటికొచ్చి ఆటోని పంపేశాను.

పిచ్చుక నుంచి ఏడు ఫోన్లు. ఎత్తలేదు.

రేపు పొద్దున్నే. చదివేటప్పుడు ఆ అధ్యాయం తీసి చదువుతాను, అక్కడినుంచి చెప్పుకుంటూ వస్తాను. అదే సరైన పద్ధతి.


సెప్టెంబరు 17, బుధవారం

అన్నయ్య పొద్దున ఐదుంబావుకి పోయాడు.

సాయంత్రం. కూర్చోగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఆరింటికి నాన్న ఎప్పటిలా కుర్చీలో కూర్చుని ఎదురు చూస్తున్నారు. పుస్తకం తెరవలేదు నేను.

"అన్నయ్య పోయాడు నాన్నా."

"ఎక్కడికి?" అన్నారు. తర్వాత అర్థమైంది ఆయనకి. "ఎక్కడ?" అన్నారు.

"అవతల ఆస్పత్రిలో. ఐదుంబావుకి. లివర్."

నాన్న అడిగారు, "నీకెప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే. వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసింది."

"పోయిన సంగతి కాదు. బాలేదన్న సంగతి."

అబద్ధం నోటిదాకా వచ్చింది. "రెండో తారీఖున" అన్నాను. "మిమ్మల్ని చూడాలన్నాడు. మీరు వస్తారని చెప్పాను అన్నయ్యకి. మీకు చెప్పలేదు."

వేళ్ళ మీద లెక్కపెట్టారు. "పదిహేను రోజులు."

అప్పుడు ఉత్తరం సంగతి చెప్పేశాను. నేలమీద కూర్చుని, ఆయన పాదాల దగ్గర. మీరు చెప్పింది మూడు ముక్కలే, మిగతాదంతా నేను రాశాను, మీరు చదవకుండా సంతకం పెట్టారు, ఆ అధ్యాయం, బిడ్డల మాట, గుమ్మం మాట, అంతా నాదే నాన్నా, మీది కాదు, అని. ఇరవై రెండేళ్ళుగా దాచింది బయటికి రావడానికి రెండు నిమిషాలు పట్టింది.

"చదివాను" అన్నారు నాన్న.

నేను తలెత్తాను.

"పోస్టాఫీసు బయట బెంచీ ఉండేది. అక్కడ కూర్చుని అంటించకముందు రెండుసార్లు చదివాను. చింపేద్దామని కూడా అనుకున్నాను. కానీ నాకు అనడానికి నోరు రానిది నువ్వు రాశావు. నా నోటితో అనక్కర్లేకుండా అయిపోయింది. డబ్బాలో వేసేశాను." మళ్ళీ అన్నారు. "బాగా రాసిందే అనుకున్నాను కూడా."

"ఆ ఉత్తరం ఇద్దరిదీ. నీ ఒక్కదాని నెత్తిన వేసుకోకు" అన్నారు. "ఈ పదిహేను రోజులు మాత్రం నీవే."

లేచి గోడ పట్టుకుని అల్మరా దగ్గరికి వెళ్ళారు. తెల్ల చొక్కా తనే తీసుకున్నారు. నేను అందించబోతే వద్దన్నారు.


సెప్టెంబరు 19, శుక్రవారం

సమాధి చేశారు. లిఫ్టు కంపెనీ వాళ్ళు పదిమంది, ఆస్పత్రి నర్సులు, మేమిద్దరం.

నాన్న కర్ర ఆనించుకుంటూ పెట్టె దాకా వెళ్ళారు. చెయ్యి చాపి గడ్డం తడిమారు. నున్నగా ఉందో, రెండు రోజుల్లో మళ్ళీ మాసిందో నాకు తెలియదు. నేను అంత దగ్గరికి వెళ్ళలేదు.

పిచ్చుక ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. అరవలేదు. మామూలు గొంతుతోనే అంది.

"పదిహేను రోజులు ఆ తలుపు వంక చూశాడు. బతికుండగా రానివాళ్ళు ఇప్పుడెందుకొచ్చారు?"

నాన్న గొంతు వచ్చిన వైపు తల తిప్పారు. నేను ఆయన పక్కనే ఉన్నాను. నా మోచెయ్యి ఆయన చేతికి తగులుతూనే ఉంది.

"ఆలస్యమైపోయిందమ్మా" అన్నారు. "తప్పు నాదే."

నేను నోరు తెరిచి మూశాను. వదిన నన్ను చూస్తోంది. నర్సులకి ముఖాలు చదవడం అలవాటు.

పిచ్చుక నా దగ్గరికొచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. "మీరొక్కరే వచ్చారత్తా. మీరొక్కరే వచ్చారు." నేను దాని వీపు నిమిరాను. నిమిరాను అని రాస్తున్నాను, చెయ్యి తెగిపోలేదు.

దార్లో నాన్నతో, "ఎందుకలా చెప్పారు?" అన్నాను.

"నువ్వు చెబుతావేమోనని చూశాను" అన్నారు.


సెప్టెంబరు 22, సోమవారం

పొద్దున చదవమన్నారు. చదివాను. దేని గురించో గుర్తులేదు.


సెప్టెంబరు 27, శనివారం

పిచ్చుక కాలేజీకి వచ్చింది. స్టాఫ్ రూమ్‌లో ఇంకెవరూ లేరు. సంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది, అందులో మా ఉత్తరం. మడతల దగ్గర టేపు అంటించి ఉంది, చాలాసార్లు మడిచి విప్పినట్టు.

"ఇది చదివి పెట్టండత్తా. నాకు తెలుగు మాట్లాడ్డం వచ్చు గానీ ఈ లిపి రాదు. నాన్న నా ప్రతి పుట్టినరోజుకీ చదివి వినిపించేవాడు. ఇంక ఎవరు చదువుతారు? ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను."

"ఏం చదివేవాడు?"

"అదే, ఇందులో ఉన్నది. చెల్లెలు బిడ్డకి పేరు వెతుకుతోంది, నోటుపుస్తకం సగం నింపేసింది అని. అటక మీంచి ఉయ్యాల దింపించాను, ఒక కోడు విరిగింది, వడ్రంగికి ఇచ్చాను అని. నాకు కోపం వచ్చినప్పుడల్లా మనకి అటువైపు ఒక ఇల్లుంది అనేవాడు. ఉయ్యాల ముక్క చదవండి ముందు." ఆగింది. "అంత ప్రేమగా రాసిన మనిషి చచ్చిపోతున్న కొడుకుని చూడ్డానికి ఎందుకు రాలేదత్తా? అది తెలియక నాకు పిచ్చెక్కిపోతోంది. మొదటినుంచీ ప్రతి అక్షరం వింటే ఎక్కడైనా తెలుస్తుందేమో!"

ఫోన్ బల్ల మీద పెట్టి, ఎర్ర గుండ్రం నొక్కింది.

నాకు చేతనయిన పనే అది. ఉయ్యాల, వడ్రంగి, నోటుపుస్తకం, పేర్ల జాబితా. నాన్న గొంతులో, నాన్న పద్ధతిలో, అన్నయ్య కంటే బాగా కల్పించి చదవగలను. ఇరవై రెండేళ్ళు మమ్మల్ని మంచివాళ్ళని చేసి ఉంచాడు ఆ ఇంట్లో. నేను ఉన్నదున్నట్టు చదివితే దాన్ని నేనే కూల్చినట్టు. చదవకపోతే పిచ్చుక ఆ ముసలాయన్ని ద్వేషిస్తూ బతుకుతుంది, నన్ను వాటేసుకుంటూ.

నిజం చెప్పడం దాని కోసమా, నా బరువు దింపుకోవడం కోసమా అని అప్పుడు కూడా అనుమానమే. ఇప్పుడూ తెలియదు.

చదివాను. చిరంజీవికి ఆశీస్సులు అన్న దగ్గరినుంచి సంతకం దాకా.

ఆ పిల్ల మధ్యలో ఒక్కసారే అడ్డం వచ్చింది. "ఆ బిడ్డలు అంటే?"

"నువ్వు."

చివరికొచ్చాక, "ఉయ్యాల ఎక్కడుంది ఇందులో?" అంది.

"లేదు."

"ఒక్క ముక్కయినా? నాన్న చదివింది?"

"చిరంజీవికి అన్న మాట ఉంది."

ఫోన్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. అప్పుడు మిగతాది చెప్పాను. ఈ మాటలు తాతయ్య చెప్పినవి కావు, నేను చేర్చినవి. ఆయన చదివి కూడా పంపారు, అది ఆయన తప్పు. కానీ మీ నాన్నకి బాలేదని ఆయనకి తెలియదు. జ్వరం లేదు, ఏమీ లేదు. నేను చెప్పలేదు. పదిహేడో తారీఖు పొద్దున ఆరింటిదాకా ఆయనకి ఏమీ తెలియదు. సమాధి దగ్గర తప్పు నాదేనన్నారు, అది నాది.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"గడ్డం గీయించుకున్నాడు" అంది. అంతే.

ఫోన్ ఆపింది. ఉత్తరాన్ని పాత మడతల మీదే మడిచి కవర్లో పెట్టుకుంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"చదివినందుకు థాంక్స్ మేడమ్."


సెప్టెంబరు 30, మంగళవారం

క్లాసు తీసుకోలేదు. ఒంట్లో బాలేదని రాసిచ్చాను.


అక్టోబరు 7, మంగళవారం

ముందు వరస అమ్మాయి ప్రశ్నని బోర్డు మీద రాశాను. బాధపెట్టినవాళ్ళకి ఏమొస్తుంది? ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెప్పారు. శిక్ష వస్తుంది. పశ్చాత్తాపం వస్తుంది. నిద్ర రాదు. చివరికి ఆ అమ్మాయే, "మీరేమంటారు మేడమ్?" అంది.

"నాకు తెలియదు" అన్నాను. పద్దెనిమిదేళ్ళలో ఆ మాట అక్కడ నిలబడి అనలేదు. కొందరు అది కూడా నోట్సులో రాసుకున్నారు.


అక్టోబరు 11, శనివారం

మూడింటికి బెల్లు మోగింది. తలుపు తీస్తే పిచ్చుక.

"తాతయ్య ఉన్నారా?"

గది చూపించాను. తలుపు దగ్గరగా వేసుకుంది. నేను వంటింట్లో గిన్నెలు తోమినవే తోమాను. మొదట నాన్న గొంతు, మధ్యలో ఆగుతూ. తర్వాత దాని గొంతు, పెద్దగా, కోపంగా. ఇద్దరూ ఆగిపోయారు. ఇంకాసేపటికి ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడు.

ఐదింటికి వెళ్ళిపోయింది. నాన్న ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. నేను అడగలేదు. అడిగే హక్కు ఉందో లేదోనని తూచుకుంటూ ఉండగానే పడుకున్నారు.


అక్టోబరు 21, మంగళవారం

పిచ్చుక ప్రతి మంగళవారం, శనివారం వస్తోంది. లిఫ్టు ఎలా పనిచేస్తుందో నాన్నకి చెబుతోంది ఈ మధ్య, వాళ్ళ నాన్న తనకి చెప్పినట్టు. ఇటు లిఫ్టు గది మనుషులతో పైకెళ్తే అటు ఇనప దిమ్మ దిగుతుందట, రెండూ ఒకదాన్నొకటి మోసుకుంటాయట. "దిమ్మ బరువెంత?" అని నాన్న. "గది బరువు, దానికి మనుషుల బరువులో సగం కలుపుకోండి." "ఎందుకు సగం?" "అది నాన్ననే అడగాలి" అంది. తర్వాత నాన్నే, "సగమే సరైనది. లెక్క కట్టి చెప్తాను ఉండు" అన్నారు.

శనివారం వదిన కూడా వచ్చింది. నా వంక చూసి, "తిండి తింటున్నావా?" అంది. తింటున్నానన్నాను. "అబద్ధాలు మానలేదు నువ్వు" అంది.

పొద్దున చదివేటప్పుడు ఏదీ వదలడం లేదిప్పుడు. వదిలేసిన అధ్యాయం కూడా చదివాను. నాన్న చివరిదాకా విన్నారు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారి చొక్కా మీద పడ్డాయి, తుడుచుకోలేదు.


నవంబరు 4, మంగళవారం

పొద్దు త్వరగా వాలిపోతోంది. ఆరు కాకుండానే చీకటి పడింది. పిచ్చుక నాన్న గదిలోంచి బయటికొచ్చింది, సంచీ భుజానికి వేసుకుని. నేను హాల్లో కూర్చుని ఉన్నాను, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, చదవకుండా.

ఎప్పుడూ నన్ను దాటుకుని వెళ్ళిపోతుంది. ఈ రోజు గుమ్మం దగ్గర ఆగింది. చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటోంది.

"ఇక్కడ లైటు వెయ్యండి" అంది. "మెట్టు కనపడటం లేదు."

గోడకి చెప్పింది అనుకోవడానికి లేదు. హాల్లో నేను తప్ప ఎవరూ లేరు.

లేచి వేశాను.